పొగకో థర్మామీటర్

సికింద్రాబాద్ స్టేషన్లో ఫలక్‌నుమా వైపు వెళ్లే ఎంఎంటీఎస్ ఎక్కి, సీటు దొరికిందని సంబరపడి సంచి ఒళ్లో పెట్టుకునేలోపే దిగాల్సి వచ్చే స్టేషన్ సీతాఫల్‌మండి. ఆ లైన్లో మొట్టమొదటి హాల్టు ఇదే. 2003 ఆగస్టులో ఈ లోకల్ రైళ్లు మొదలయ్యాక నగరంలో చాలామందికి ఈ పేరు స్టేషన్ బోర్డు మీద చూస్తేనే తెలిసింది. అంతకుముందు రైల్వే వాళ్లకీ, ఉస్మానియా విద్యార్థులకీ, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లకీ తప్ప మిగతా ఊరికి పెద్దగా పనిపడని పేట.

పేరు చూసి సీతాఫలాల కోసం వెతక్కండి. మండి అంటే టోకు బజారు. ఒకప్పుడు చుట్టుపక్కల గుట్టల మీది పళ్లు ఇక్కడికి గంపల్లో దిగేవని పేరే చెబుతోంది. ఇప్పుడు దసరా, దీపావళి మధ్య నాలుగు తోపుడు బళ్లు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. గుట్టల మీదా ఇళ్లే లేచాయి. ఒక పక్క చిలకలగూడ, నామాలగుండు. ఇంకో పక్క వారాసిగూడ, పార్శిగుట్ట. రైలుకట్టకి అవతల మెట్టుగూడ, లాలాగూడ. ఇక్కడి పేటల పేర్లలో పళ్లూ పక్షులూ గుట్టలూ అన్నీ ఉన్నాయి. బయట మాత్రం కనిపించేవి సిమెంటు మెట్లు, నీళ్ల డ్రమ్ములు, ‘పోర్షన్ అద్దెకు ఇవ్వబడును’ బోర్డులు.

నేను వెళ్లింది పళ్ల కోసం కాదు, పొగ కోసం. ఆశ్చర్యపోకండి, నాకా అలవాటు లేదు. కానీ ఈ పేటలో ఒక గంట తిరిగితే మన రాష్ట్రాల్లో పొగ ఎన్ని వేషాలు వేసిందో మొత్తం వరసగా కనిపిస్తుంది. స్టేషన్ మెట్లు దిగగానే పాన్ డబ్బా. పక్కన చాయ్ హోటల్. ఆ రెంటికీ మధ్య నాలుగడుగుల జాగాలో పొద్దున ఆరింటి నుంచీ ఎవరో ఒకరు నిలబడి పొగ వదులుతూనే ఉంటారు. బహిరంగ స్థలాల్లో పొగ తాగకూడదన్న నిబంధన 2008 అక్టోబరు 2 నుంచి గట్టిగా అమల్లోకి వచ్చింది కదా అంటే, డబ్బా ఆయన నవ్వి, ‘‘హోటల్ల తాగొద్దన్నరు. అందుకే ఈడ నిలబడుతున్నరు’’ అన్నాడు.

చుట్ట నుంచి చుట్ట దాకా

తెలుగులో ‘చుట్ట’ అన్న మాట భలే మాట. పొగాకు చుట్టా చుట్టే, తీగ చుట్టా చుట్టే. ఆ రెండో చుట్ట దగ్గరకి తర్వాత వద్దాం. ముందు మొదటిది.

రైలు ఉద్యోగాల కోసం కోస్తా నుంచి ఇటు వచ్చినవాళ్లు తమతో చుట్ట తెచ్చుకున్నారు. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చినవాళ్లు తునికాకు బీడీ తెచ్చుకున్నారు. నిజామాబాద్, జగిత్యాల వైపు ఆడవాళ్లు ఇంటి అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని చుట్టే బీడీ. పాతబస్తీ నవాబుల ఇళ్లలో హుక్కా ఉండేది. వాటి బిద్రీ పని కుదుళ్లు సాలార్జంగ్ మ్యూజియంలో ఇప్పటికీ చూడొచ్చు, నల్లటి లోహం మీద వెండి పూలతో. పొగను నీళ్లలోంచి తీసి చల్లార్చాలన్న ఆలోచన అంత పాతది. చల్లారిన పొగ మంచిదన్న భ్రమ కూడా అంత పాతదే. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌ని నీళ్లు ఆపలేవు.

వేడిని మరీ విచిత్రంగా వాడుకున్నది మాత్రం ఉత్తరాంధ్ర తీరం. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్లు చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగేవారు. దాన్నే అడ్డపొగ అంటారు. గాలికి ఆరిపోదు, బూడిద పసిపిల్ల మీద పడదు, పని చేసుకుంటూ తాగొచ్చు అని కారణాలు చెప్పేవారు. 1971లో 10,169 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షించి ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. దాంతో ఈ అలవాటుకీ అంగిట్లో వచ్చే పుండ్లకీ ఉన్న సంబంధం ప్రపంచ వైద్యుల దృష్టికి వచ్చింది. పొగాకు ఒక్కటే కాదు, నిప్పు వేడి కూడా తోడై అంగిలిని కాల్చేస్తుందన్నమాట. వేడి ఎంతన్నది అప్పుడే పెద్ద ప్రశ్న.

సీతాఫల్‌మండి నుంచి అదే రైల్లో మూడో స్టేషన్ విద్యానగర్. మధ్యలో ఆర్ట్స్ కాలేజీ, జామియా ఉస్మానియా. విద్యానగర్‌లో దిగి కాస్త నడిస్తే ఆజమాబాద్. అక్కడే వజీర్ సుల్తాన్ టొబాకో. 1930లో కంపెనీగా నమోదైంది. జనం నోట్లో వి.ఎస్.టి. అయిపోయింది. చార్మినార్ సిగరెట్ పుట్టిల్లు అదే. మన ఊరి కట్టడం బొమ్మ వేసుకున్న ఆ పెట్టె దేశమంతా తిరిగింది. సత్యజిత్ రాయ్ సృష్టించిన డిటెక్టివ్ ఫెలూదా కలకత్తాలో కూర్చుని తాగేది చార్మినారే! ఇక్కడ బస్సు కండక్టర్లకి వి.ఎస్.టి. అంటే స్టాపు పేరు. ఇందిరా పార్కు నుంచి అక్కడిదాకా కట్టిన స్టీలు వంతెనని 2023 ఆగస్టు 19న ప్రారంభించి, నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టారు. రాష్ట్ర హోం మంత్రి కాకముందు ఆయన ఆ ఫ్యాక్టరీ కార్మికుల నాయకుడు. సిగరెట్ ఫ్యాక్టరీ ఒక ఊరికి ఉద్యోగం, యూనియన్, బస్టాపు, చివరికి వంతెన పేరు కూడా ఇస్తుంది. అందుకే ఈ సంగతిలో మంచిచెడ్డలు ఒక్క మాటలో తేల్చేవాళ్లని నేను అంతగా నమ్మను.

అసలు పొగాకుని డిగ్రీల్లో లెక్కపెట్టడం మన రైతులకు కొత్త కాదు. ప్రకాశం జిల్లాలో, గోదావరి మెట్టలో వర్జీనియా పొగాకు పండించేవాళ్లని అడగండి. పచ్చాకుని కర్రలకి కట్టి బ్యారన్‌లో వేలాడదీస్తారు. మొదట 35 డిగ్రీల చిల్లర దగ్గర ఆకుని పసుపు తిప్పాలి. తర్వాత మెల్లగా పెంచుతూ ఆకు ఆరబెట్టాలి. చివరికి 70 డిగ్రీల దాకా తీసుకెళ్లి ఈనె ఎండబెట్టాలి. తొందరపడితే ఆకు మాడుతుంది, ఆలస్యమైతే నల్లబడుతుంది. అర్ధరాత్రి లేచి టార్చి వేసి థర్మామీటర్ చూసి మళ్లీ పడుకునే రైతు దగ్గర మొదలైన లెక్క, సీతాఫల్‌మండి గల్లీలో ఒక చిన్న డబ్బా తెర మీద తేలింది. ఇప్పుడు రెండో చుట్ట దగ్గరకి వచ్చాం.

అరచేతిలో ఇస్త్రీ పెట్టె

స్టేషన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగితే మొబైల్ రిపేరు షాపు ఒకటి ఉంది. షాపంటే షాపు కాదు, మెట్ల కింద అర. కుర్రాడికి ముప్ఫై దాటవు. సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే చెయ్యి వణకదు. అతని సొరుగులో పాత ఫోన్ల మధ్య ఇటుక ముక్కలా ఒక డబ్బా కనిపించింది. అగ్గిపెట్టెలు నాలుగు కలిపి కట్టినంత. ఒక పక్క మీట, చిన్న తెర, పైన మర తిప్పి బిగించే రంధ్రం.

‘‘బాక్స్ మాడ్ సార్. అమ్మేది కాదు, చాచాది. ఈడ పెట్టిండు. నేను గివి రిపేర్ చెయ్య, అమ్మ. చట్టం ఉంది కదా’’ అన్నాడు ముందే. ఆ తర్వాత పనివాడికి సహజమైన ఉత్సాహం ఆపుకోలేక విప్పి చూపించాడు.

ఎలక్ట్రానిక్ సిగరెట్ సంగతి చాలామందికి తెలుసు. పొగాకుని కాల్చదు. నికోటిన్ కలిపిన ద్రవాన్ని వేడిచేసి ఆవిరి చేస్తుంది. అమెరికాలో హెర్బర్ట్ గిల్బర్ట్ అనే ఆయన 1960ల్లోనే ఇలాంటిదానికి పేటెంటు తీసుకున్నాడు గానీ అప్పుడెవరూ పట్టించుకోలేదు. ఇప్పుడున్న రూపం చైనా ఫార్మసిస్టు హాన్ లిక్ 2003లో చేసింది. మొదట్లో అవి సిగరెట్ అంతే ఉండేవి, బ్యాటరీ ఊరికే అయిపోయేది. చేతులు ఊరుకోని జనం టార్చిలైటు గొట్టాల్లో, చిన్న పెట్టెల్లో పెద్ద బ్యాటరీలు బిగించి సొంతంగా మార్పులు చేసుకున్నారు. మాడిఫికేషన్‌కి పొట్టిపేరు మాడ్. పెట్టెలో ఉంది కాబట్టి బాక్స్ మాడ్. అందులో ఉండే బ్యాటరీ పేరు 18650. అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. ‘‘పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ పగలగొడితే వచ్చేది ఇదే సార్’’ అన్నాడు కుర్రాడు.

ఇక ఉష్ణోగ్రత సంగతి. ఇది అర్థం కావాలంటే ఇస్త్రీ పెట్టె గుర్తు చేసుకోండి. ధోబీ బొగ్గుల పెట్టెకి వేడి ఎంతో ఎవరికీ తెలీదు. నీళ్లు చిలకరించి ‘చుయ్’మంటే చాలు. సిగరెట్ అలాంటిది. దమ్ము లాగినప్పుడు కొసన నిప్పు 900 డిగ్రీల దగ్గరకి పోతుంది. తర్వాత వచ్చిన కరెంటు ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెట్టినంతసేపూ కాలుతూనే ఉండేది, మరిచిపోతే చీర కాలిపోయేది. మామూలు ఈ-సిగరెట్ అలాంటిది. ఆ తర్వాత ఆటోమేటిక్ పెట్టె వచ్చింది. కాటన్, సిల్కు, నైలాన్ అని చక్రం తిప్పితే తనే ఆగుతుంది, తనే వెలుగుతుంది. ఉష్ణోగ్రత అదుపు ఉన్న బాక్స్ మాడ్ ఆ ఆటోమేటిక్ పెట్టె.

అందులో థర్మామీటర్ ఏదీ లేదు. ఇదే తమాషా! వేడెక్కే తీగ చుట్టే థర్మామీటర్. కొన్ని లోహాలు వేడెక్కేకొద్దీ కరెంటుకి ఎక్కువ అడ్డం పడతాయి. నికెల్ తీగ అయితే ఒక్కో డిగ్రీకి సుమారు 0.6 శాతం. గది వేడిమి దగ్గర 0.10 ఓమ్ ఉన్న నికెల్ చుట్ట 220 డిగ్రీలకు చేరితే 0.22 ఓమ్‌కి వస్తుంది. లోపలి చిప్ సెకనుకి ఎన్నోసార్లు ఆ అంకె కొలుస్తుంది. పెట్టిన డిగ్రీ దగ్గరకి రాగానే కరెంటు తగ్గించేస్తుంది. టైటానియం, స్టెయిన్‌లెస్ స్టీలు తీగలతోనూ పని జరుగుతుంది. స్టీలు మాత్రం చాలా కొద్దిగా మారుతుంది కాబట్టి కొలత నాజూకు. హీటర్లలో వాడే కాంతల్ తీగ ఎంత కాలినా దాదాపు మారదు, కాబట్టి ఇక్కడ దండగ. 2014లో అమెరికాలోని ఎవాల్వ్ కంపెనీ డీఎన్ఏ 40 అనే బోర్డు తెచ్చింది. ఈ పద్ధతి జనానికి అందింది అప్పుడే.

ఇంత తంటా ఎందుకంటే దూది కోసం. చుట్ట లోపల దూది వత్తి ద్రవాన్ని పీల్చి అందిస్తుంది. ద్రవంలో ప్రధానంగా రెండు: ప్రొపిలిన్ గ్లైకాల్, గ్లిజరిన్. మొదటిది 188 డిగ్రీలకు మరుగుతుంది, రెండోది 290కి. ద్రవం ఉన్నంతసేపూ, ఎసట్లో నీళ్లున్నంతసేపు గిన్నె మాడనట్టు, దూది మాడదు. ద్రవం అయిపోయి దూది ఎండితే మామూలు పరికరం కాల్చుకుంటూనే పోతుంది. అప్పుడు గొంతు మండే దమ్ము ఒకటి వస్తుంది. గ్లిజరిన్ విరిగి ఎక్రోలిన్, ఫార్మాల్డిహైడ్ లాంటి విషాలు పుట్టేది ముఖ్యంగా అక్కడే. వేడి అదుపు ఉన్న డబ్బాలో దూది ఎండగానే తీగ వేడి ఎగబాకుతుంది, ఓములు పెరుగుతాయి, చిప్ పసిగట్టి ఆపేస్తుంది. నికోటిన్‌ని ఆపదు, వ్యసనాన్ని ఆపదు. మాడడాన్ని ఒక్కటే ఆపుతుంది.

మన ఎండలకి ఇందులో ఒక చిక్కుంది. చుట్ట చల్లగా ఉన్నప్పటి ఓములు చిప్ ముందు గుర్తుపెట్టుకోవాలి, లెక్క అక్కడి నుంచే. అది 20 డిగ్రీల గది అనుకుని తయారైన డబ్బా. మే నెలలో సీతాఫల్‌మండి రేకుల గదిలో 42 డిగ్రీల దగ్గర కొలిపిస్తే? ‘చల్లగా’ అన్నచోటే 22 డిగ్రీల తప్పు. పైకి వెళ్లేకొద్దీ అది పెరుగుతుంది కూడా. తెర మీద 220 చూపిస్తుంటే లోపల 250 దాటి ఉంటుంది. శీతల దేశం వస్తువుకి మన ఎండాకాలం ఎవరు చెప్పాలి? ‘‘చాచా చెప్పిండు సార్’’ అన్నాడు కుర్రాడు. ‘‘కొత్త చుట్ట బిగించే ముందు కుండ పక్కన అరగంట పెట్టేటోడు.’’

ఫిట్టరు గారి నోటు పుస్తకం

చాచా వచ్చారు. తెల్ల చొక్కా, జేబులో పెన్ను, చేతిలో పాలప్యాకెట్టు. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. కాజీపేట వైపు మనిషి. డబ్బా ఎక్కడిదని అడిగాను.

‘‘కొడుకు తెచ్చిండు, బర్మింగ్‌హామ్ కెళ్లి. 2016ల. నాయినా, నువ్వు సిగరెట్ ఇడువవు, ఇదన్నా తాగు అని. నేను నవ్విన. గిదేం బొమ్మరా అన్న. మీటరు చూసినంక జర ఇంట్రస్టొచ్చింది.’’

ముప్ఫై ఏళ్లు మీటర్లూ గేజీలూ చూసిన మనిషికి తెర మీద డిగ్రీ కనపడితే ఊరుకుంటాడా? ఇంటికి తీసుకెళ్లి నోటు పుస్తకం చూపించారు. నీలం గీతల పుస్తకం, స్కేలు పెట్టి గళ్లు గీసుకున్నారు. తేదీ, సిగరెట్లు, డిగ్రీలు, ద్రవంలో నికోటిన్. మొదటి పేజీలో సిగరెట్ల గడిలో 22. ఇరవై పెట్టె ఒకటి, పైన రెండు. నెల తిరిగేసరికి 9. తర్వాత 5, 5, 4, మధ్యలో ఒక పెళ్లి రోజున 11. నాలుగో నెలలో మొదటి సున్నా. దానికి ఎర్ర పెన్నుతో చుట్టూ గీత. నికోటిన్ మిల్లీలీటరుకి 12 మిల్లీగ్రాముల నుంచి 6కి, 6 నుంచి 3కి. డిగ్రీలు 230 నుంచి 200. ‘‘బండి ఆపేటప్పుడు ఒక్కసారి బ్రేకెయ్యొద్దు సార్. ఎయ్యాల, ఇడువాల, ఎయ్యాల’’ అన్నారు. 3 దగ్గర ఇంకో ఆర్నెల్లు ఉండి సున్నా ద్రవానికి మారదామనుకున్నారట.

పెద్దావిడ లోపల్నించి, ‘‘పొద్దుగాల దగ్గు తగ్గింది. అది మాత్రం నిజం’’ అంది. ఆ తర్వాత ఒక మాట కలిపింది. ‘‘గని పొద్దస్తమానం ఆ డబ్బ చేతిల్నే ఉండె. సిగరెట్ అయిపోతదన్నా, గిది అయిపోదు.’’ ఆ మాట నేను మర్చిపోలేదు. సిగరెట్‌కి ఒక చివర ఉంది, డబ్బాకి లేదు.

2019 సెప్టెంబరు 18

ఆ రోజు కేంద్ర మంత్రివర్గం నిర్ణయాన్ని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించారు. ఆర్డినెన్సు వచ్చింది. డిసెంబరులో పార్లమెంటు చట్టం చేసింది. ఎలక్ట్రానిక్ సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, రవాణా, ప్రకటన అన్నీ నిషేధం. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే మూడేళ్లు, ఐదు లక్షలు. నిల్వ పెడితే ఆర్నెల్లు, యాభై వేలు. నిల్వ ఉన్నవాళ్లు దగ్గర్లోని పోలీసు స్టేషన్లో అప్పజెప్పాలి. వేడి అదుపు ఉన్నదా లేనిదా అన్న తేడా చట్టానికి లేదు. డబ్బా డబ్బాయే.

కారణాలు చిన్నవేమీ కావు. అదే ఏడాది మే 31న భారత వైద్య పరిశోధన మండలి పూర్తి నిషేధమే మంచిదని శ్వేతపత్రం ఇచ్చింది. అమెరికాలో ఆ ఎండాకాలం నుంచి యువకులు ఊపిరాడక ఆసుపత్రుల్లో చేరడం మొదలైంది. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 మరణాలు. వాటిలో ఎక్కువ భాగానికి దొంగచాటు గంజాయి ద్రవాల్లో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్‌తో గట్టి సంబంధం ఉందని తర్వాత తేల్చారు. మరోవైపు బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2015లో, సిగరెట్‌తో పోలిస్తే వీటి హాని 95 శాతం తక్కువని చెప్పి, మానేయాలనుకునేవాళ్లకి వీటిని ఒక దారిగా చూపించింది. ఆ అంకె మీద అప్పటి నుంచీ తగువే. పిల్లల చేతుల్లోకి చేరాయని ఆ బ్రిటన్ కూడా 2025 జూన్ 1 నుంచి వాడి పారేసే రకాల్ని నిషేధించింది. తెలంగాణ 2024 ఫిబ్రవరిలో హుక్కా పార్లర్లని మూయించే చట్టం చేసింది.

పిల్లల సంగతి పుకారు అనుకోకండి. నేను ఆ మెట్ల కింద షాపులో కూర్చున్న గంటలోనే ఒకామె వచ్చింది. చేతిలో గులాబీ రంగు పుల్ల లాంటిది. ‘‘తమ్ముడూ, మా బాబు బ్యాగులో దొరికింది. పెన్‌డ్రైవా ఇది? ఏమున్నదో చూస్తవా?’’ కొడుకు ఇంటర్ రెండో సంవత్సరమట. కుర్రాడు దాన్ని తిప్పి చూసి, వాసన చూసి, నా వైపు ఒకసారి చూసి, ‘‘పెన్‌డ్రైవ్ కాదక్కా, పొగ తాగేది. మామిడిపండు వాసన వస్తది. పారెయ్యి. పిల్లగాన్ని కొట్టకు, కూసోబెట్టి మాట్లాడు’’ అన్నాడు. ఆమె నిలబడిపోయింది. ‘‘సిగరెట్ వాసన ఎప్పుడూ రాలేదు’’ అంది చివరికి. అంతసేపూ ఆ పక్కనే స్టూలు మీద ఉన్న చాచా తల ఎత్తలేదు.

నాకు అక్కడ తెగని లెక్క ఇది. ఆ పుల్లలో చిప్ కొలతలు లేవు, డిగ్రీ చూపించే తెర లేదు, ఎక్కడ తయారైందో, లోపల ఏం పోశారో రాసిలేదు. నిషేధం ఉన్నా అది ఇంటర్ పిల్లాడి బ్యాగులోకి వచ్చింది. నోటు పుస్తకంలో డిగ్రీలు రాసుకుని సున్నాకి చేరిన మనిషికి మాత్రం ద్రవం సీసా దొరకడం మానేసింది. చట్టం పిల్లాడి కోసమే చేశారు, అందులో నాకు అనుమానం లేదు. ఆమె ముఖం చూశాక నిషేధం తప్పని వాదించే నోరు నాకు లేదు కూడా. కానీ అదే గల్లీ మొదట్లో పాన్ డబ్బాలో, ప్యాకెట్టు మీద 85 శాతం మేర భయంకరమైన బొమ్మ అచ్చేసుకుని, 900 డిగ్రీల సరుకు విడిగా ఒక్కటొక్కటి అమ్ముడవుతోంది. పన్ను కట్టి, లైటు వేసుకుని, రోడ్డు మీదే.

‘‘నాకు కోపమేం లేదు సార్’’ అన్నారు చాచా. ‘‘బందు చేసిన్రు, సరే. గని దీన్ని బందు చేసి దాన్ని ఎందుకు ఉంచిన్రో ఒక్కలు చెప్పలే. మూడు స్టేషన్లు పోతే ఫ్యాక్టరీ ఉండె. మా తోటోళ్ల పిల్లలు ఆడ కొలువు చేసిన్రు.’’

మిగిలిన రెండు సీసాలు 2020 ఫిబ్రవరి దాకా నడిపారు. మార్చిలో లాక్‌డౌన్. డబ్బాలో ద్రవమూ లేదు, బయట పాన్ డబ్బా కూడా లేదు. అన్ని షాపులూ మూసేశారు. ఆ రోజుల గళ్లన్నీ సున్నాలే, వరసగా రెండు పేజీలు. వాటికి ఎర్ర పెన్ను గీయలేదు. ‘‘అవి నావి కావు. గవర్మెంటువి’’ అన్నారు నవ్వి. షాపులు తెరిచిన వారంలో మొదటి ఒకటి. తర్వాత 2. ఒక దశలో 12 దాకా వెళ్లి, చిన్న మనవరాలు పుట్టాక మళ్లీ తగ్గింది.

సిగరెట్ ప్యాకెట్టు మీద క్విట్‌లైన్ నంబరు ఉంటుంది, 1800-11-2356. ఫోన్ చేశారా అన్నాను. చేశారట, మర్యాదగా మాట్లాడారట. మందుల షాపులో దొరికే నికోటిన్ చూయింగ్ గమ్ కూడా ప్రయత్నించారు. కట్టుడు పళ్లకి అతుక్కుంటోందని మానేశారు. ఇలాంటి చిన్న కష్టాలు ఏ శ్వేతపత్రంలోనూ ఉండవు.

డబ్బాని రిపేరు షాపులో ఎందుకు పెట్టారని అడిగితే, ఇంట్లో ఉంటే చెయ్యి అటే పోతుందన్నారు. బ్యాటరీ తీసేసి పెట్టుకున్నాడు కుర్రాడు. వాడకుండా పడి ఉన్న 18650 ఉబ్బినా, పై రేపరు చిరిగినా ప్రమాదమని అతని భయం. చాచా మాత్రం వారానికోసారి వచ్చి సొరుగు తీయించి చూసి, తెర మీద దుమ్ము చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ లోపల పెట్టించి వెళ్తారట.

నోటు పుస్తకంలో ఇప్పుడు డిగ్రీల గడి, నికోటిన్ గడి ఖాళీ. గీతలు మాత్రం అలవాటుగా గీస్తూనే ఉన్నారు. నిన్నటి తేదీకి ఎదురుగా 3 అని ఉంది. ఇవాళ్టి గడిలో ఇంకా ఏమీ రాయలేదు. అప్పటికి సాయంత్రం ఐదున్నర. కింద ఫలక్‌నుమా బండి హారన్ కొట్టింది.